గద్దె మీది తెల్ల చద్దరు

మొయినాబాదులో మేమున్న ఇంటి డాబా మీద పొద్దున్నే కూర్చుంటే ఒకప్పుడు చేమంతి తోటల మీదుగా గాలి వచ్చేది. ఇప్పుడు ఆ తోటలు ఫంక్షన్ హాళ్లయ్యాయి. చేమంతులు మాత్రం ఎక్కడి నుంచో లారీల్లో వచ్చి ఆ హాళ్ల గుమ్మాలకే వేలాడుతున్నాయి. ఆ డాబా మీద కూర్చుని కొన్ని వారాలుగా నేను ఒకే ఒక్క మాటతో కుస్తీ పడుతున్నాను. కాలేజీ పిల్లల కోసం రాజకీయ పదకోశం తెస్తున్నామని, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ పాఠాలే చెప్పినదాన్ని కాబట్టి కొన్ని మాటలకు అర్థాలు రాసిపెట్టమని హైదరాబాదు నుంచి అడిగారు. గణతంత్రం, సమాఖ్య, సార్వభౌమత్వం అన్నీ బుద్ధిమంతుల్లా వచ్చి కాగితం మీద కూర్చున్నాయి. ఛాందసవాది మాత్రం మొండికేశాడు.

అర్థం రాయలేక కాదు. మార్పును ససేమిరా ఒప్పుకోనివాడు, ఉన్నదాన్ని కాపాడుకోవడంతో ఆగక పోయినదాన్ని కూడా వెనక్కి తేవాలని పట్టుబట్టేవాడు అని రాశాను. సంప్రదాయవాదికీ అతనికీ తేడా కూడా రాశాను. ఒకరు ఉన్నచోట నిలబడతారు, ఇంకొకరు వెనక్కి నడుస్తారు. వేదం చదువుకున్న పెద్దమనిషిని గౌరవంగా పిలిచే మాట ఎలా ఎకసెక్కమై, చివరికి ఎన్నికల సభల్లో తిట్టుగా తేలిందో దానికీ నాలుగు ముక్కలు కలిపాను. ఎవరూ తనను తాను అలా చెప్పుకోరు, అది ఎప్పుడూ ఎదుటివాడి మీదికి విసిరే మాటే అని కూడా రాసి మురిసిపోయాను. ఇరుక్కున్నది ఆ తర్వాత. ప్రతి మాట కింద ప్రయోగం అని ఒక వాక్యం ఉండాలట, ఆ మాటను జనం ఎలా వాడతారో చూపించడానికి. అక్కడికి రాగానే నాకు బెల్లం వాసన వస్తుంది. ఆ మాటను నేను మొదటిసారి విన్నది చేవెళ్లలో మా దుకాణంలో, బెల్లం దిమ్మెల పక్కన గోనెసంచి మీద కూర్చుని. విన్నది మా తాత గురించి. అన్నది మా కాక.

కాక అంటే మా బాపు తమ్ముడు. ఇప్పుడు కొడుకు దగ్గర గండిపేటలో, గేటు దగ్గర పేరు రాస్తే తప్ప లోపలికి పోనివ్వని కాలనీలో ఉంటున్నాడు. మొన్న ఫోన్ చేశాడు. "బిడ్డా, రోడ్డు వెడల్పు చేస్తున్నరు. మన చేవెళ్ల దుకాణం సగం పోతది. కూలగొట్టకముందే మీ అమ్మను తీసుకొని రా. ఏమన్న కావాలంటే తెచ్చుకుందురు," అన్నాడు. ఎనభై దాటిన మా అమ్మకు చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. నేను ఫోన్ పెట్టేలోపే లోపలికి వెళ్లి తన పెట్టె మూత తెరిచిన చప్పుడు వినిపించింది. ఏం తీసుకుందో చెప్పలేదు. గుడ్డసంచిలో పెట్టుకుని సంచి మూతికి ముడేసింది.

ఆ రోజు నుంచి నాకు కళ్లు మూసినా తెరిచినా ఆ దుకాణమే. బీజాపూర్ రోడ్డు మీదికి తెరుచుకునేది అది. ముందు దుకాణం, దాని వెనక నడిమింటి గది, ఆ వెనక వంటిల్లు, పెరడు. ఎండు మిరపకాయలు, ఇంగువ, పొగాకు, గాసునూనె అన్నీ కలిసి ఒక వాసనగా మా బట్టల్లో, జుట్టులో, పుస్తకాల్లో ఉండేవి. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల నన్ను వాసన చూసి పప్పు గుర్తొచ్చి ఆకలైతున్నదనేది. పెంకుల మధ్య ఒకచోట అద్దం పెంకు ఉండేది. మధ్యాహ్నం దానిలోంచి ఎండ దిగి, పిండి ధూళిని వెలిగిస్తూ నెమ్మదిగా నేల మీద నడిచేది. నేను కందిపప్పు బస్తా మీద పడుకుని ఆ వెలుగు గోడ దాకా పోయేలోపు నిద్రలోకి జారేదాన్ని. నిద్రలో కూడా తరాజు గొలుసుల చప్పుడు వినపడేది. ఇప్పటికీ బాగా అలిసిపోయిన రోజున నాకు నిద్ర ఆ చప్పుడుతోనే వస్తుంది.

దుకాణానికి గుండెకాయ గద్దె. మోకాలెత్తు చెక్క అరుగు, దాని మీద దూది పరుపు, పరుపు మీద తెల్ల చద్దరు, వెనక ఆనుకోవడానికి గుండ్రటి బాలీసు. ఇంట్లో అందరికంటే ముందు అమ్మ లేచి, తలస్నానం చేసి, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని, గంజి పెట్టిన చద్దరు తెచ్చి గద్దె మీద పరిచేది. పరవడం అమ్మ పని. ఉతకడం అమ్మ పని. కానీ దాని మీద అమ్మ కూర్చోకూడదు. లక్ష్మి ఉండే చోటు, ఆడవాళ్లు ఎక్కవద్దని మా ఇంటి ఆచారం. అందుకని అమ్మ మోకాలు కూడా ఆననివ్వకుండా గద్దె చుట్టూ తిరుగుతూ, ఒక్కో మూల వంగి లాగి, ముడత లేకుండా చేసేది. చివర్లో అరచేత్తో ఒకసారి నిమిరేది. ఆ తర్వాత లోపలికి వెళ్లిపోయేది. అప్పుడు తాత వచ్చి, గోడ మీది లక్ష్మి పటానికి దండం పెట్టి, నశ్యం పీల్చి, నిన్నటి గుంటలోనే సర్దుకుని కూర్చునేవాడు.

తాతకు ఒకటే మాట. "ఎట్ల నడుస్తున్నదో అట్లనే నడువనియ్యి." దుకాణంలో కరెంటు బల్బు పెడదామంటే అదే మాట. రేడియో కొందామంటే అదే మాట. బయట రేకు బోర్డు రాయిద్దామంటే, "నా మొఖమే బోర్డు, జనానికి తెల్వదా?" అని నవ్వి మళ్లీ అదే మాట. పట్నంలో చదువుకునే కాక శనివారం బస్సు దిగేవాడు. చంకలో పేపరు, జేబులో నాకు బిస్కెట్లు, నోట్లో కొత్త మాటలు. బయటి బల్ల మీద కూర్చుని, తాతకు వినపడేలా నాకు పాఠం చెప్పేవాడు. "మీ తాత ఛాందసవాది. పక్కా ఛాందసవాది."

"అంటే ఏంది కాకా?"

"గడియారం ముల్లు పట్టుకొని వెనక్కి తిప్పేటోడు."

మా ఇంట్లో గోడ గడియారానికి కీ ఇచ్చేది తాత ఒక్కడే. ఆ వారం నేను తలుపు చాటున నిలబడి కనిపెట్టాను. తాత ముల్లును వెనక్కి తిప్పలేదు. కీ ఇచ్చి, బస్సు వచ్చిన చప్పుడు విని, ముల్లును కొంచెం ముందుకు జరిపాడు. నాకు చాలా నిరాశ కలిగింది.

కాకకు ఇంకో ముచ్చట కూడా ఉండేది. గోడ మీది పటం చూపించి, "లక్ష్మి ఆడమనిషే గద నాయినా? ఆమె గద్దె మీద కూసుంటే లేని తప్పు వదినె కూసుంటె వస్తదా?" అనేవాడు. తాత నశ్యం డబ్బీ తీసేవాడు. నడిమింట్లో అమ్మ పనిచేస్తూ చేస్తూ ఆగేది. అమ్మకు ఆ గద్దె మీద కూర్చోవాలని ఉందని నాకు అప్పుడే తెలుసు. ధరలన్నీ నోటికి వచ్చు. ఎవరు ఏ రకం బియ్యం కొంటారో తెలుసు. తాత ఏదైనా మరిచిపోతే లోపలి నుంచి గాజులు కదిలించేది. మామగారితో కోడలు ఎదురుపడి మాట్లాడే రోజులు కావవి. ఆయనకు ఏమన్నా చెప్పాలన్నా, ఆయన ఏమన్నా చెప్పాలన్నా, మధ్యలో నేనే.

ఒక వానాకాలం తాత పెరట్లో జారి పడ్డాడు. తుంటి దెబ్బతిన్నది. దవాఖాన నుంచి తెచ్చి నడిమింట్లో మంచం మీద పడుకోబెట్టారు. బాపుది షాబాద్ పక్క ఊళ్లు తిరిగి పప్పులు, మిర్చి కొనుక్కొచ్చే పని. పోతే రోజులకు గానీ వచ్చేవాడు కాదు. కాక పట్నంలో. దుకాణం మూసి ఉంటే బస్సు దిగినవాళ్లు సంచులు పట్టుకుని తలుపు కొట్టేవాళ్లు. మొదట అమ్మ తలుపు సందులోంచి ఉప్పు పొట్లాలు, అగ్గిపెట్టెలు అందించింది. తర్వాత ఒక రెక్క తెరిచింది. తర్వాత రెండో రెక్క. గద్దె మాత్రం ఎక్కలేదు. పక్కన నేల మీద నిలబడి, గద్దె మీదికి ఒంగి, చెయ్యి చాపి తూకం వేసేది.

అక్కడే వచ్చింది చిక్కు. మా తరాజు దూలానికి గొలుసుతో వేలాడేది, గద్దె మధ్యలో కూర్చున్న మనిషి కళ్లకు సరిగ్గా ఎదురుగా. ముల్లు నిటారుగా ఉందా లేదా అన్నది అక్కడ కూర్చున్నవాళ్లకు, ఎదురుగా నిలబడ్డ కొనేవాళ్లకు మాత్రమే కనపడుతుంది. పక్క నుంచి చూస్తే ఎటు ఒరిగినా నిటారుగా ఉన్నట్టే ఉంటుంది. ఒకరోజు ఒక పెద్దమ్మ మిరపకాయలు కొంటూ, "సావుకారమ్మా, జర తక్కువొచ్చినట్టున్నది. ముల్లు ఇటు రాలే," అన్నది. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నది. కానీ ఆ దుకాణంలో అలాంటి మాట ఎవరూ విని ఉండరు. అమ్మ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. లోపల మంచం కిర్రుమంది.

నడిమింటికీ దుకాణానికీ మధ్య ఒక చిన్న కిటికీ ఉండేది. దానిలోంచి తాత గొంతు వచ్చింది. నా పేరు పిలిచి, "మీ అమ్మకు చెప్పు. నిలబడి జోకొద్దు. కూసోని జోకమను," అన్నాడు.

నేను అమ్మకు చెప్పాల్సిన పని లేకపోయింది. అయినా చెప్పాను, అది నా ఉద్యోగం కదా. అమ్మ కొంగు బొడ్లో దోపుకుంది. గద్దెకు దండం పెట్టింది. పొద్దున తాను పరిచిన చద్దరు మీదనే, తాత గుంటకు కొంచెం ఇవతలగా, ఎక్కి కూర్చుంది. తరాజును కళ్లెదురుగా చూసి ఇంకో పిడికెడు మిరపకాయలు వేసింది. ముల్లు నిలబడింది. పెద్దమ్మ సంచి పట్టుకుని వెళ్లిపోయింది. ఇంతే జరిగింది. లక్ష్మి పటం గోడ మీద అలాగే ఉంది.

ఆ తర్వాత రోజులు నాకు కలలోలాగే గుర్తున్నాయి. అవి ఎన్ని నెలలో చెప్పలేను, ఎన్ని వానలో, ఎన్ని ఎండలో. పొద్దున అమ్మ తానే చద్దరు పరిచి, తానే కూర్చునేది. అప్పటిదాకా మొగుళ్లను పంపే ఆడవాళ్లు తామే రావడం మొదలుపెట్టారు. బల్ల మీద కూర్చుని, కొన్నది ఒళ్లో పెట్టుకుని, పిల్లల జ్వరాల గురించి, కొత్త చీరల గురించి మాట్లాడేవాళ్లు. అమ్మ గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. నవ్వితే రోడ్డు అవతలికి వినపడేది. మధ్యాహ్నం అద్దం పెంకు ఎండ వచ్చి అమ్మ పాదాల దగ్గర ఆగేది. బెల్లం దిమ్మె మీది తేనెటీగను తోలుతూ ఏదో సన్నగా కూనిరాగం తీసేది. లోపల తాత వింటున్నాడని తెలుసు, అయినా ఆపేది కాదు. నేను బస్తా మీద పడుకుని సగం కన్నుతో అమ్మను చూసేదాన్ని. మా అమ్మ అంత సంతోషంగా ఉండడం నేను మళ్లీ చూడలేదు.

తాత లేచి కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టిన రోజు, ఇక అమ్మ లోపలికి పోవాల్సిందే అనుకున్నాను. అమ్మ గద్దె దిగి, చద్దరు మళ్లీ సాపు చేసి, పక్కకు నిలబడింది. తాత గడప దాటి దుకాణంలోకి వచ్చాడు. గద్దె వైపు చూశాడు, తరాజు వైపు చూశాడు, బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ల వైపు చూశాడు. తర్వాత కర్ర తాటించుకుంటూ బయటికి వెళ్లి, కొనేవాళ్లు కూర్చునే బల్ల చివర కూర్చున్నాడు. నశ్యం డబ్బీ తీస్తూ, నా వైపు తిరక్కుండానే, "మీ అమ్మకు చెప్పు. ఎట్ల నడుస్తున్నదో అట్లనే నడువనియ్యమను," అన్నాడు.

అదీ మా తాత. బల్బు వద్దన్న నోటితోనే అమ్మను ఉండమన్నాడు. ఆయన మారలేదు. నడుస్తున్నదాన్ని కదిలించడం ఆయనకు చేతకాదు, అంతే. అమ్మ కూర్చోవడం అప్పటికి నడుస్తున్న సంగతైపోయింది. ఆ శనివారం కాక బస్సు దిగి, గద్దె మీద వదినెను, బల్ల మీద నాయినను చూసి చప్పట్లు కొట్టాడు. "ఛాందసవాది ఓడిపోయిండు!" అని నన్ను ఎత్తి తిప్పాడు. తాత కూడా నవ్వాడు. ఆ బల్ల మీద అలాగే చివరిదాకా కూర్చున్నాడు. చనిపోయిన రోజు పొద్దున కూడా అక్కడే ఉన్నాడు.

తాత పోయాక, చదువు ముగిసిన కాక దుకాణం పట్టుకున్నాడు. అన్నీ మార్చాడు. ట్యూబులైటు వచ్చింది, రేకు బోర్డు వచ్చింది, రేడియో వచ్చింది. దూలం నుంచి తరాజు దించి, కొత్త కాంటా తెచ్చి అద్దాల కౌంటర్ మీద పెట్టాడు. ఆ కాంటా ముందు నిలబడి కూడా తూకం వేయొచ్చు. గద్దెను వెనక్కి నెట్టి దాని మీద సబ్బుల పెట్టెలు పేర్చాడు. నాకైతే అన్నీ నచ్చాయి, అబద్ధమెందుకు. కౌంటర్ వెనక అమ్మకు ఒక స్టూలు వేస్తాడనుకున్నాను. అమ్మ కూడా అలాగే అనుకుందేమో, కొత్త కాంటాను కొంగుతో తుడుస్తూ అక్కడే నిలబడింది.

"వదినె, ఇగ నువ్వు లోపల ఉండు," అన్నాడు కాక. మెత్తగానే అన్నాడు. "పెద్ద పెద్దోళ్లు వస్తుంటరు. నలుగురు ఏమనుకుంటరు? మా నాయిన కాలం నుంచి మనింట్ల ఆడోళ్లు దుకాణంల కూసునుడు లేదు గద."

అమ్మ బాపు వైపు చూసింది. బాపు రోడ్డు వైపు చూశాడు. ఆయన మంచివాడే, కానీ ఆ రోజు ఒక్క మాట మాట్లాడి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. అమ్మ లోపలికి వెళ్లింది. సాయంత్రం చద్దరు ఉతికి, ఆరేసి, మడతపెట్టి తన పెట్టెలో పెట్టుకుంది. ఏడవలేదు. ఆ తర్వాత చాలా కాలం వంటింట్లో పప్పు చేత్తో తీసి ఒక క్షణం ఎత్తిపట్టి, "పావుకిలోకు జర ఎక్కువ," అనేది, ఎవరితోనో తెలియదు. అందులో పప్పు కంటే బరువైనది ఏదో ఉందని చిన్నపిల్లనైన నాకు కూడా తెలిసేది.

తర్వాత నేను చదువుకున్నాను, పాఠాలు చెప్పాను. ఛాందసవాది అనే మాటను నల్లబల్ల మీద ఎన్నోసార్లు రాశాను. రాజుల గురించి, మతాల గురించి, దూరదేశాల గురించి ఉదాహరణలు చెప్పాను. మా దుకాణం గురించి ఎప్పుడూ చెప్పలేదు. వెనక్కి నడిచేవాడు కొత్త బట్టలు వేసుకుని, రేడియో వింటూ, మనకు బిస్కెట్లు తెస్తూ కూడా నడవగలడని ఏ పిల్లలకు ఎలా చెప్పను? అలాంటివాళ్లు తిరిగి తెస్తామనే ఆ పాత కాలం నిజానికి అలా లేనేలేదని, అప్పుడు గద్దె మీద మా అమ్మ నవ్వుతూ కూర్చుని ఉండేదని ఎలా చెప్పను? కాకను నేను ప్రేమించాను. ఇప్పటికీ ప్రేమిస్తాను. నాకు మాటల మీద మోజు పుట్టించింది ఆయనే. ఇప్పుడు కూడా ఫోనులో, "అంతా ఛాందసవాదులే తయారైండ్రు బిడ్డా, దేశం ఏమైతదో," అని వాపోతాడు. నేను ఊకొడతాను.

నిన్న అమ్మను కార్లో చేవెళ్ల తీసుకెళ్లాను. దారి పొడుగునా ప్లాట్ల జెండాలు, కాఫీ దుకాణాలు. అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మా దుకాణాన్ని ఇన్నాళ్లూ ఎవరెవరో కిరాయికి తీసుకున్నారు. చివరిగా ఉన్న సెల్‌ఫోన్ దుకాణం వాళ్లు కూడా ఖాళీ చేశారు. గోడ మీద ఎర్ర గీత, బయట పొక్లెయిన్. అట్టపెట్టెలు తీయిస్తే వెనక గద్దె కనపడింది. పరుపు పోయింది, చెక్క ఉంది. పైన దూలానికి తరాజు కొక్కెం తుప్పుపట్టి అలాగే ఉంది. అద్దం పెంకు లేదు, పైన రేకులు. బెల్లం వాసన కోసం నేను చాలాసేపు గాలి పీల్చాను. సిమెంటు వాసనే వచ్చింది.

కాక మాకంటే ముందే వచ్చి, కర్ర మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. అమ్మ సంచి ముడి విప్పింది. తెల్ల చద్దరు పసుపు రంగుకు తిరిగింది, మడతల దగ్గర చిరుగులు పడ్డాయి. గద్దె చుట్టూ తిరుగుతూ ఒక్కో మూల వంగి లాగింది. నేను సాయానికి వెళ్లబోతే చేత్తో వద్దంది. చివర్లో అరచేత్తో నిమిరింది.

"వదినె, అంత దుమ్మున్నది. బయట కుర్చీ ఏపిస్త, రా," అన్నాడు కాక.

అమ్మ వినలేదు. నా భుజం పట్టుకుని గద్దె ఎక్కి, కొక్కేనికి సరిగ్గా ఎదురుగా కూర్చుంది. కొంగు సర్దుకుని అప్పుడు కాక వైపు చూసింది.

"మామయ్య కాలంల నేనే కూసున్న," అన్నది. "నువ్వు చూసినవు గద."

ఇన్నేళ్లలో ఆ మాట అమ్మ నోటి నుంచి నేను వినడం అదే మొదటిసారి. కాక కళ్లు గోడ మీద పటం ఉండే చోటుకు వెళ్లి, అక్కడి నుంచి నేలకు వచ్చాయి. గోడ పట్టుకుని నెమ్మదిగా బయటికి నడిచాడు. తాత బల్ల ఎప్పుడో పోయింది. అది ఉండే చోట గడప రాయి మీదనే కూలబడ్డాడు, ముఖం రోడ్డు వైపు పెట్టి.

పొక్లెయిన్ అబ్బాయి వచ్చి లోపలికి తొంగి చూశాడు. "పెద్దసారూ, అమ్మను జర లెవ్వమనుండ్రి. పని మొదలుపెట్టాలె," అన్నాడు.

కాక కర్ర అడ్డం పెట్టాడు. "జర ఆగు బిడ్డా," అన్నాడు. కర్ర తీయకుండానే మళ్లీ అన్నాడు. "ఎట్లున్నదో అట్లనే ఉండనియ్యి."

అబ్బాయి వెళ్లి మిషను ఆపేసి ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. లోపల అమ్మ కూర్చునే ఉంది.